కడవ నీళ్ళు వెళ్ళని రోజు

మొన్న మా అపార్టుమెంటులో కింద ఫ్లాటు పెద్దాయన పోయారు. బందరులో ఇప్పుడు చావులు కూడా చాలా పద్ధతిగా జరుగుతున్నాయి. ఫ్రీజరు పెట్టె ఫోనుకే వస్తుంది, షామియానా ఫోనుకే వస్తుంది. మధ్యాహ్నం అయ్యేసరికి కేటరింగువాళ్ళు వ్యానులో దిగి, స్టీలు ట్రేలు బల్లల మీద వరసగా పెట్టేశారు. శవం ఇంకా హాల్లోనే ఉంది. మూత తీయగానే మసాలా వాసన మెట్లెక్కి మా గుమ్మం దాకా వచ్చింది. కిందికి దిగి చూద్దును కదా, పనీరు కూర, వేయించిన అప్పడాలు, ఓ పక్కన గులాబ్‌జామూ!

"ఆంటీ, రెండు ముద్దలు తినండి, మీకు షుగరు కదా, కళ్ళు తిరుగుతాయి," అంది ఆ ఇంటి కోడలు. మంచి పిల్ల పాపం. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయి ఉన్నా నా షుగరు గుర్తుపెట్టుకుంది. నేనేమో, "చావింట్లో గులాబ్‌జామేమిటమ్మా, పెళ్ళనుకున్నారా!" అనేశాను. అందరూ నావంక చూశారు. నా నోరు చిన్నప్పట్నించీ అంతే, ముందు అనేసి తర్వాత బాధపడుతుంది. పైకొచ్చి తలుపేసుకుని కూర్చున్నాను. నాకు కోపం వచ్చింది ఆ పిల్ల మీద కాదు, పనీరు మీద అసలే కాదు. చావింటికి కూడు మోసుకెళ్ళే మనుషుల మధ్య పుట్టినదాన్ని. ఆ మొయ్యడమే మమ్మల్ని ఏం చేసిందో చూసినదాన్ని.

మాది ఒక ఊరు కాదు. అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్తే, కాలవ నీళ్ళు ఇక చాలనుకుని ఆగిపోయేచోట, ఒకే పంచాయితీ కింద నాలుగు ఊళ్ళుండేవి. ఊళ్ళంటే నవ్వుతారేమో, ఒక్కొక్కటీ గుప్పెడు తాటాకిళ్ళు. కాలవగట్టు ఊరు, తాటితోపు, మా నడిమూరు, అన్నిటికన్నా దూరంగా చవిటినేల మొదలయ్యేచోట శివారు ఊరు. నాలుగింటికీ ఒకటే బడి, అది తాటితోపులో. ఒకటే చర్చి, అది మా ఊళ్ళో. ఒకళ్ళ పిల్లనింకొకళ్ళు చేసుకోవడమే తప్ప బయటి సంబంధాలు తక్కువ. దారిలో ఎవరెదురైనా అత్తో, బావో, మావయ్యో అయ్యేవాళ్ళు. చుట్టరికం ఎలా కలిసిందో కనుక్కోబోతే సాయంత్రం అయ్యేది.

బావి తవ్వితే ఉప్పునీళ్ళు పడే నేల మాది. అందుకని ఊరికో మంచినీళ్ళ చెరువు. కాలవకి నీళ్ళొదిలినప్పుడు నింపుకుని, తర్వాత అవే జాగ్రత్తగా వాడుకోవాలి. అందులో కాలు పెడితే చిన్నపిల్లలని కూడా చూడకుండా వీపు చిట్లగొట్టేవాళ్ళు. ఆ నీళ్ళు తెచ్చి, కడవ లోపలి అంచుకి చిల్లగింజ అరగదీస్తే మట్టంతా అడుక్కి దిగేది. తేరిన నీళ్ళ వాసన ఒకటుండేది, తడిమట్టీ తామరాకూ కలిసిన వాసన. ఇప్పుడు ఇంటికొచ్చే క్యాను నీళ్ళకి ఏ వాసనా లేదు. తాగినట్టే ఉండదు.

ఇక చావు సంగతి. ఏ ఊళ్ళో మనిషి పోయినా, ఆ ఊళ్ళో ఏ ఇంట్లోనూ పొయ్యి వెలిగేది కాదు. చావింట్లో ఉన్న నీళ్ళన్నీ పారబోసేవాళ్ళు. సమాధి చేసి వచ్చేదాకా ఊరివాళ్ళెవరూ తమ చెరువులో కడవ ముంచకూడదు. తిండీ నీళ్ళూ పక్క ఊరు తేవాలి. శివారు ఊరికి మేము, మాకు తాటితోపు, తాటితోపుకి కాలవగట్టు ఊరు, వాళ్ళకి మళ్ళీ శివారు ఊరు. ఇది ఎప్పట్నించి ఉందో ఎవరూ చెప్పలేరు. మా తాతలు బాప్తిస్మాలు తీసుకున్నప్పుడు చాలా వదిలేశారట గానీ, దీన్ని మాత్రం వదల్లేదు.

ఆ కూడు ఎవరింటి బియ్యమూ కాదు, అందరి బియ్యమూను. ప్రతి ఇంట్లో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యం చర్చికి చేరేది. అందులో కొంత అయ్యగారికి, అంటే మా పాస్టరుగారికి, మిగతాది చావింటి కూటికి. గుండిగలో అన్నం, పోపు పెట్టని ముద్దపప్పు, చింతకాయ తొక్కు. చావింటికి పోపు వాసన వెళ్ళకూడదు. నెత్తిన అన్నం గంపలతో కొందరు, నీళ్ళ కడవలతో కొందరు, ఆడవాళ్ళు గట్టెమ్మట వరసగా నడిచి వెళ్ళేవాళ్ళు. వెళ్ళాక వడ్డించి వచ్చేస్తే కుదరదు. చావింటివాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళ కంచంలోంచే తామూ ఒక ముద్ద తినాలి. తిరిగొచ్చేటప్పుడు కడవలు వట్టివి తేకూడదు. ఆ ఊరి చెరువు నీళ్ళు ముంచుకొచ్చి మన చెరువులో పొయ్యాలి.

"ఎందుకు నాయనమ్మా?" అని అడిగాను ఒకసారి.

"వాళ్ళ ఏడుపులో మనం కూడా ఒక గుక్క తాగాలే. లేకపోతే చుట్టాలం ఎట్టా అవుతాం?" అంది.

మా నాయనమ్మే వీటన్నిటికీ పెద్ద. స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు అని చర్చిలో అనేవాళ్ళు గానీ, అధ్యక్షురాలేం ఖర్మ, నాలుగూళ్ళ ఆడవాళ్ళకీ ఆవిడే హైకోర్టు. సన్నగా, నల్లగా, నిటారుగా ఉండేది. "చెరువులో నీళ్ళు పొయ్యడం దేవుని వాక్యంలో లేదమ్మా," అని అయ్యగారు ఒకసారి మెల్లగా అంటే, "పప్పు వండుకోమని కూడా లేదండి అయ్యగారూ, వండుకోవట్లా?" అంది. ఆయన గొడుగు తీసుకుని నవ్వుకుంటూ వెళ్ళిపోయారు.

నాయనమ్మకి ఇద్దరు పిల్లలు, మా నాన్న, ఆయన చెల్లెలు. మేనత్త ఒక్కతే అయినా, ఇంట్లో చిన్నదని చిన్నత్త అనేదాన్ని. చిన్నత్తని శివారు ఊరికే ఇచ్చారు. మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్య ఒక మురుగుకాలవ, దాని మీద తాటిదుంగల వంతెన. ఇక్కణ్ణించి గట్టిగా కేకేస్తే అక్కడ వినపడుతుంది. చిన్నత్తకి ఒక్కతే కూతురు. నాకన్నా కాస్త పెద్దది కాబట్టి వరసకి నాకు వదిన. ఇద్దరికీ పదేళ్ళు నిండలేదు, అయినా పేరు పెట్టి పిలిస్తే ఊరుకునేది కాదు.

"నేను నీకు వదినని. మర్యాదివ్వు."

"ఇవ్వకపోతే?"

"పుల్లైసులో వాటా ఇవ్వను."

ఇక ఇవ్వక చస్తానా. పుల్లైసు సైకిలువాడు డబ్బులే అడిగేవాడు కాదు, బియ్యం పోసినా ఇచ్చేవాడు. వాడి బూర వినపడగానే మేమిద్దరం మా ఇంట్లో పిడికెడు బియ్యం కుండ దగ్గరికి పిల్లుల్లా చేరేవాళ్ళం. వదిన పావడాలో పోసుకుని పరిగెత్తేది, నేను కాపలా. ఎర్ర ఐసు ఒక కొస అది, ఒక కొస నేను నాకుతూ, నాలికలు చాపి ఎవరిది ఎక్కువ ఎర్రగా ఉందో చూసుకునేవాళ్ళం. ఆ నాలికలే మమ్మల్ని పట్టించాయి. నాయనమ్మ ఇద్దరి చెవులూ మెలేసి, "చావింటి కూటికి దాచిన బియ్యమే అవి, దొంగముండల్లారా!" అని అరిచింది. నేను ఏడుపు లంకించుకున్నాను. వదిన మాత్రం చెవి వదిలించుకోకుండానే, "మేం చచ్చినా మాకు తెచ్చిపెట్టాల్సిందేగా అమ్మమ్మా. ముందే తినేశాం," అంది. నాయనమ్మ చెయ్యి వదిలేసింది. "నీ నోట్లో మన్ను పడ, అవేం మాటలే!" అంటూ దాన్ని దగ్గరికి లాక్కుని తల నిమిరింది. వదినంటే ఆవిడకి ప్రాణం. ఇంట్లో మేమున్నా చేపల పులుసులో తలకాయ దానికే దాచేది. నాకు కుళ్ళుగా ఉండేది.

ఆ ఏడు నాట్లు అయిపోయి కలుపులు తీస్తున్న రోజుల్లో వాన పట్టుకుంది. మురుగుకాలవ పొంగి శివారు ఊరి చెరువులోకి గట్టు తెంపుకుని వెళ్ళింది. నీళ్ళ రంగు మారింది. చిల్లగింజ ఇంకాస్త ఎక్కువ అరగదీశారు, అంతే. ఇంకెక్కడి నీళ్ళు తాగుతారు? ఇళ్ళల్లో తడిసిన తాటాకు వాసన, పొయ్యి కింద నెమ్ము వాసన. మా అమ్మ ఒళ్ళో తమ్ముడు నెలల పిల్లాడు, వాడి గుడ్డలు ఆరక ఇల్లంతా ఒకటే కంపు.

ముందు శివారు ఊళ్ళో ఒక ముసలాయన పోయాడు. వాంతులు, విరేచనాలు. వయసైపోయిందిలే అనుకున్నారు. మా ఊరినించి కూడు వెళ్ళింది, నాయనమ్మే ముందు నడిచింది. పక్కన కూర్చుని ముద్ద తిన్నారు, ఏడ్చారు, కడవలతో నీళ్ళు తెచ్చి మా చెరువులో పోశారు. నేను గట్టు మీద నిలబడి చూశాను. వారం తిరక్కుండా మా ఊళ్ళో ఇద్దరు పోయారు. తాటితోపువాళ్ళు కూడు మోసుకొచ్చారు, మా నీళ్ళు మోసుకెళ్ళారు. తర్వాత తాటితోపులో ఏడుపులు. ఆ తర్వాత కాలవగట్టు ఊళ్ళో. జబ్బు ఎక్కడికీ దానంతటది వెళ్ళలేదు. మేమే నెత్తిన పెట్టుకుని, జారిపోకుండా జాగ్రత్తగా, ఏడుస్తూ మోసుకెళ్ళాం.

జబ్బు పేరు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. పేరెత్తితే వస్తుందని భయం. చర్చిలో కీర్తనలు పాడేవాళ్ళు తగ్గిపోయారు. ఇళ్ళ అరుగుల మీద మూలుగులు ఎక్కువయ్యాయి.

అప్పుడు ఆరోగ్య కేంద్రం నించి నర్సమ్మగారొచ్చారు. బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చారు. సరిగ్గా ఆ వేళకే మా ఆడవాళ్ళు మరో చావింటినించి తిరిగొచ్చి చెరువులో కడవలు ఒంపుతున్నారు. ఆవిడ చూసి, "ఏం చేస్తన్నారమ్మా మీరు!" అని ఒక్క అరుపు అరిచారు. విషయం తెలుసుకుని చెరువు గట్టు మీదే కూలబడ్డారు. తర్వాత నాయనమ్మ చెయ్యి పట్టుకుని, "పెద్దమ్మగారూ, మీకు దణ్ణం పెడతాను. ఈ కూడు మొయ్యడం, నీళ్ళు మొయ్యడం ఆపేయించండి. మీ మాటైతే వింటారంట. కాచిన నీళ్ళు తాగండి. జబ్బున్న ఊరికి వెళ్ళద్దు, అక్కడోళ్ళని రానీయద్దు. ఇట్టాగే తిరిగారంటే నాలుగూళ్ళలో పిల్లలు మిగలరు," అన్నారు.

మగవాళ్ళు కొందరు గొణిగారు. మా ఊళ్ళ సంగతి ఈవిడకేం తెలుసన్నారు. నాయనమ్మ మాత్రం చెరువు వంక చూస్తూ నిలబడింది. నర్సమ్మగారు తెల్లపొడి చల్లి వెళ్ళిపోయాక, అక్కడున్న ఆడవాళ్ళతో, "నేను చెప్పేదాకా ఎవరూ ఎక్కడికీ మొయ్యమాకండి," అంది. ఆ చెప్పడంలో గొంతు ఆవిడది కాదు.

మర్నాడు పొద్దున్నే వంతెన అవతలి నించి కేక వినపడింది. చిన్నత్త మొగుడు, మా మావయ్య, పోయాడు. రాత్రి భోంచేసి పడుకున్నవాడు తెల్లారేసరికి లేడు. కేకేసినవాడు ఇంకో మాట కూడా అన్నాడు. పాపకి కూడా పట్టుకుందంట, వాంతులవుతున్నాయంట.

మా అమ్మ గుండెలు బాదుకుంది. నాయనమ్మ ఏడవలేదు. లేచి వెళ్ళి పిడికెడు బియ్యం కుండ దించింది. పొయ్యి రాజేసి, గుండిగ పెట్టి, ఎసరు పోసింది. చేతులకి అలవాటైన పని, చేసుకుపోతున్నాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కరే గంపలతో వచ్చారు. ఎసరు మరుగుతోంది. బియ్యం పొయ్యబోతూ ఆవిడ ఆగిపోయింది. చేటతో అలాగే నిలబడింది. తర్వాత చేట కింద పెట్టి, పొయ్యిలోంచి కట్టెలు ఒక్కొక్కటే లాగి నీళ్ళు చల్లింది. ఇల్లంతా తడిబూడిద పొగ.

"ఏందొదినా, నీ కూతురింటికే కదా!" అంది ఒకావిడ.

"నా కూతురింటికి గనకే," అంది నాయనమ్మ. "ఇయ్యాళ నేను మోస్తే రేపు ఎవర్ని ఆపగలను?"

ఆ మాటతో ఆవిడ వెళ్ళి తాటిదుంగల వంతెనకి మా వైపున అడ్డంగా కూర్చుంది. నేను తమ్ముణ్ణి చంకనేసుకుని వెనకే వెళ్ళాను. ఎందుకెళ్ళానో తెలీదు. వదినకి జబ్బంటే నేను కూడా వెళ్ళాలిగా అనుకున్నాను, అంతే.

కాసేపటికి నాన్న వచ్చాడు. భుజం మీద కడవ. నర్సమ్మగారు చెప్పినట్టు మా అమ్మ కాచి చల్లార్చిన నీళ్ళు.

"లేమ్మా. దారివ్వు."

"కూర్చుంది దారివ్వడానికి కాదు."

"కాచిన నీళ్ళేనమ్మా ఇవి. అక్కడ ఇంట్లో నీళ్ళు పారబోసుంటారు, చెరువులో ముంచరు. పిల్లకి నీళ్ళు లేకపోతే ఎట్టా?"

"నీళ్ళు ఇచ్చొస్తావా? నీ చెల్లెలు నీ మెడ పట్టుకుని ఏడిస్తే విదిలించుకొస్తావా? దాని కంచంలో ముద్ద తినకుండా లేస్తావా?"

నాన్న కడవ భుజం మార్చుకున్నాడు.

"వెళ్తే వెళ్ళరా. నేను లాగిపట్టుకోను. కానీ మళ్ళీ ఈ వంతెన దాటి ఇటు రామాక. ఇదిగో, ఈళ్ళిద్దరి మొహాలూ చూసి అప్పుడు వెళ్ళు," అని నావైపూ తమ్ముడివైపూ చెయ్యి చూపించింది.

నాన్న నావంక చూశాడు. ఆ చూపు నేను ఇన్నేళ్ళలో మర్చిపోయిన రోజు లేదు. నన్ను చూసి సంతోషించిన చూపు కాదది. నేను లేకపోతే బాగుండునని అనుకున్న చూపూ కాదు. కడవ గట్టు మీద దించేసి, తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని పక్కకి కూలబడ్డాడు. చుట్టూ చేరిన జనం కూడా అలాగే నిలబడ్డారు. వాన తెరిపిచ్చి ఎండ కాసింది. సాయంత్రం దాకా కడవ అక్కడే ఉంది.

అవతల గట్టు మీద పెట్టి, "అమ్మాయ్, నీళ్ళున్నాయి, వచ్చి తీసుకోండి," అని ఒక్క కేకేస్తే సరిపోయేది. ఎవరూ ఎవరినీ ముట్టుకోనక్కర్లేదు. ఇంత చిన్న సంగతి ఆ రోజు అక్కడున్న అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు. ఇది తర్వాత మా అమ్మ అనగా అందరూ నోళ్ళు తెరుచుకుని విన్నారు. తెలివి లేక కాదు. మోసుకెళ్ళి, పక్కన కూర్చుని, కలిసి తినడం ఒక్కటే మాకు తెలుసు. దూరంగా పెట్టి పిలవడమనేది కుక్కలకి పెట్టే పద్ధతి. చుట్టాలకి అలా పెట్టొచ్చునన్న ఊహే మా ఊళ్ళలో పుట్టలేదు.

ఆ పొద్దున్నే అయ్యగారు కాలవగట్టు ఊళ్ళో మరో సమాధి చేయించి, అటునించి అటే వేరే గట్టు మీదుగా శివారు ఊరికి వెళ్ళారు. మర్నాడు వంతెన అవతలే ఆగి, గొడుగు నేలకి ఆనించుకుని నిలబడ్డారు. దాటి రాలేదు. నాయనమ్మ ఇవతల. మధ్యన మురుగు పారుతోంది.

"నా కూతురు ఏమన్నా తిన్నదా అండీ?" అని అడిగింది నాయనమ్మ.

"ఎవరూ తినలేదమ్మా. మీరొస్తారని చూశారు. సాయంత్రం మీ అల్లుడి తమ్ముళ్ళు బందరు నించి వచ్చేదాకా శవాన్ని తీయలేదు. నేను మధ్యాహ్నం దాటాక చేరాను. మీ అమ్మాయి గడప మీద కూర్చుని ఈ గట్టు వంకే చూస్తా ఉంది."

"నీళ్ళు?"

"నేను తోడతానంటే ఒప్పుకోలేదమ్మా. 'మా అమ్మ తెస్తంది అయ్యగారూ, మా అమ్మ ఎప్పుడూ ఆలస్యం చెయ్యదు, వంట అవుతుంటది' అంది. చివరికి నేనే చెరువులో చెంబు ముంచి, కాచి పట్టుకెళ్ళాను."

"పిల్ల తాగిందా?"

అయ్యగారు కళ్ళజోడు తీసి పైపంచెతో తుడిచారు. తుడిచిందే తుడిచారు. "తండ్రి గుంట పూడ్చకముందే, పక్కనే ఇంకొకటి తవ్వాం," అన్నారు.

నాయనమ్మ తలూపింది, ఏదో లెక్క సరిపోయినట్టు. ఇంటికొచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెళ్ళి ఆవిడ వీపు మీద నా చిన్న చేతులతో కొట్టాను. "మా వదినకి నీళ్ళెందుకు పంపించలేదే, ముసలిదానా!" అని అరుస్తూ కొట్టాను. మా అమ్మ లాగబోతే, "కొట్టనీ," అంది ఆవిడ.

జబ్బు ఆగింది. ఆ తర్వాత మా ఊళ్ళో ఒక్కరు కూడా పోలేదు. తాటితోపులోనూ తగ్గింది. నర్సమ్మగారు మళ్ళీ వచ్చినప్పుడు నాయనమ్మ చేతులు పట్టుకుని, "మీ వల్లే ఆగిందండీ పెద్దమ్మగారూ," అన్నారు. నాయనమ్మ ఆ చేతుల్ని మెల్లగా విడిపించుకుంది. ఆవిడ చేసింది తప్పు కాదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. పుస్తకాలు చదివి, నాలుగు చోట్ల ఉద్యోగాలు చేసి, నేనూ పిల్లల్ని కని, బాగానే అర్థమైంది. అర్థమైనా కోపం పోలేదు. తప్పు కాని పని మీద కోపం పెట్టుకుంటే అది ఎప్పటికీ తీరదు కాబోలు.

ఆ వానాకాలంతో మా నాలుగు ఊళ్ళ కథ అయిపోయింది. కూడు మొయ్యడం మళ్ళీ మొదలవలేదు. మళ్ళీ మొయ్యండని నాయనమ్మ చెప్పనేలేదు. పిడికెడు బియ్యం తీయడం ఒక్కో ఇంట్లో మానేశారు. ఎవరి చావు వాళ్ళది అయిపోయింది. శివారు ఊరివాళ్ళు మా చర్చికి రావడం మాని, తమ ఊళ్ళోనే పాకేసుకున్నారు. "శవమున్న ఇంటిని ఎండబెట్టిన ఊరు," అని మా ఊరికి పేరు పడింది. ఎండబెట్టిన అంటే ఆకలితో అని కాదు, గొంతులెండబెట్టారని. తర్వాత చాలా కాలానికి అక్కడ రొయ్యల చెరువులొచ్చాయి, పొలాలు పోయాయి, మా మంచినీళ్ళ చెరువు ఉప్పెక్కింది. జనం బందరని, గుడివాడని తలో దిక్కూ వెళ్ళిపోయారు. రొయ్యలు రాకముందే ఊళ్ళు విడిపోయాయని మా పిల్లలకి చెప్తే నమ్మరు.

చిన్నత్త ఆ వంతెన దాటి మా ఇంటికి రాలేదు. నాయనమ్మ ఒకసారి వెళ్ళింది, ఎండాకాలం, నన్ను వెంటబెట్టుకుని. చిన్నత్త గుమ్మంలో నిలబడి ఇద్దర్నీ చూసింది. ఏడవలేదు, తిట్టలేదు. లోపలికెళ్ళి చెంబుతో నీళ్ళు తెచ్చి తల్లి ముందు పెట్టి, "ఎండన పడొచ్చావు. తాగు," అని మళ్ళీ లోపలికెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. నాయనమ్మ ఆ చెంబు వంక చూస్తూ చాలాసేపు కూర్చుంది. తాగలేకపోయింది. దారంతా నా భుజం పట్టుకునే నడిచింది.

నేను ఓణీలేసుకునే వయసులో నాయనమ్మ పోయింది. చివరి రోజుల్లో మాట పడిపోయింది, కళ్ళు మాత్రం గుమ్మం వైపే ఉండేవి. ఇంట్లో పొయ్యి వెలగలేదు. పక్క ఊళ్ళకి కబురెళ్ళింది గానీ ఎవరూ ఏమీ తేలేదు, తెస్తారని మేమూ అనుకోలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి పిల్లలు ఆకలికి ఏడుపు మొదలెట్టారు. అవనిగడ్డ హోటలు నించి ఇడ్లీలు తెప్పిద్దామా అని మగవాళ్ళు మాట్లాడుకుంటున్నారు.

అప్పుడు చిన్నత్త వచ్చింది. ఒక్కతే. నెత్తిన అన్నం గంప, చంకన నీళ్ళ కడవ. జుట్టు సగం నెరిసిపోయింది. వాకిట్లో ఉన్న జనం జరిగి దారిచ్చారు. నాన్న "చెల్లీ" అంటూ లేవబోతే, "కూర్చో అన్నయ్యా. అందర్నీ కూర్చోబెట్టు, పిల్లలు ఏడుస్తన్నారు," అంది. తల్లి శవం దగ్గరికి వెళ్ళలేదు. ఆ వైపు చూసిందో లేదో కూడా నాకు తెలీదు. కొంగు బిగించి వడ్డన మొదలెట్టింది. అన్నం, పోపులేని ముద్దపప్పు, చింతకాయ తొక్కు. ఒక్కొక్కరికీ అడిగి అడిగి పెట్టింది. ఎవరూ తలెత్తలేదు. నాన్న ముద్ద కలిపి నోట్లో పెట్టుకోలేక అలాగే పట్టుకుని కూర్చుంటే, "ఆకలైతే ఎట్టా ఉంటదో, దప్పికైతే ఎట్టా ఉంటదో నాకు తెలుసన్నయ్యా. తిను," అంది.

అందరికీ పెట్టాక నా దగ్గరికి వచ్చింది. నేను గోడకానుకుని నిలబడ్డాను. తనతో కలిసి తినమని అడగాలనుంది, కాళ్ళు పట్టుకోవాలనుంది, ఏమీ చెయ్యలేకపోయాను. నన్ను పైనించి కిందిదాకా చూసింది. నా ఎత్తు చూసింది, నా జడ చూసింది, నా ఓణీ చూసింది. చెంపకి చెయ్యి ఆనించి ఒక్క క్షణం అలాగే ఉంచింది.

"కూర్చో," అంది.

కూర్చున్నాను. కంచం నిండా అన్నం పెట్టింది. చాలత్తయ్యా అంటే ఇంకో హస్తం వేసింది.

"నీ కోసమేగా ఆవాళ మా అమ్మ నీళ్ళు ఆపింది," అంది మెల్లగా, నాకొక్కదానికే వినపడేలా. "తిను."

అది ప్రేమో కోపమో అడిగే ధైర్యం నాకు అప్పుడు లేదు. ఆవిడ బతికున్నన్నాళ్ళూ రాలేదు. ముద్దముద్దకీ ఆవిడ తెచ్చిన నీళ్ళు తాగాను. ఆవిడ ఎదురుగా గొంతుక్కూర్చుని నేను తినేదంతా చూసింది. మెతుకు మిగల్చకుండా తిన్నాను.